నాన్న కారు డాష్‌బోర్డు: విప్పాలా, కప్పాలా, అలాగే ఉంచాలా?

ఈసారి ఉత్తరం శ్రీకాకుళం జిల్లా నుంచి. పేరూ ఊరూ బయటపెట్టొద్దని అడిగారు, పెట్టడం లేదు. నాలుగు పేజీలు రాశారు, సారాంశం ఇది.

ఉత్తరం రాసినాయనకి నలభై దాటాయి, పలాస వైపు ఒక హైస్కూల్లో టీచరు. వాళ్ల నాన్నగారు జీడిపప్పు వ్యాపారం చేసేవారు, రెండేళ్ల కిందట పోయారు. ఆయన 1986లో కొన్న అంబాసిడర్ ఇంటి పక్క షెడ్డులో ఇప్పటికీ ఉంది, బ్యాటరీ పెడితే నడుస్తుంది. 1994లో నాన్నగారు ఆ కారుని విజయనగరం తీసుకెళ్లి, తోలు పని బాగా తెలిసిన ఒక పెద్దాయన చేత డాష్‌బోర్డు పైభాగం మొత్తానికి అసలు తోలు వేయించారు. వక్క రంగు, అంతా చేతి కుట్టు. మూడు రోజులు లాడ్జిలో ఉండి దగ్గరుండి చేయించుకున్నారట.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయాయి. కారు వానకి తడిసింది, ఆ గొడవలో దాన్ని సరిగా ఆరబెట్టిన వాళ్లు లేరు. ఆ తర్వాత నాన్నగారి ఆరోగ్యం బాగోక కారు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ముందు అద్దం వైపు తోలు రెండు వేళ్ల మేర కుంచించుకుపోయి అంచు పైకి లేచింది. మిగతా చోట్ల పగుళ్లు, "నొక్కితే అప్పడంలా విరుగుతోంది" అని రాశారు. మొన్న దసరాకి ఆయుధ పూజ కోసం కారు తుడుస్తూ, ఎక్కడో వీడియో చూసి, మూడు రోజులు వరసగా కొబ్బరి నూనె పట్టించారు. రెండు రోజులు నిగనిగలాడింది. తర్వాత జిడ్డు తేలి, దుమ్మంతా అంటుకుని, మచ్చలు మచ్చలుగా నల్లబడింది. అప్పుడే ఆ లేచిన అంచు కింద వేలు పెట్టి చూస్తే, తోలు వెనక వైపు బాల్‌పెన్నుతో నాన్నగారి చేతిరాతలో "కుడి" అని కనిపించింది. "ఆ ఒక్క మాట చూసి షెడ్డులోనే కూర్చుండిపోయాను" అన్నారు.

ఇక ఇంట్లో సంగతి. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య కూతురి పెళ్లి మాఘంలో. పెళ్లికొడుకుని తాతగారి కారులోనే తీసుకురావాలని అన్నయ్య పట్టుదల, అందుకు డాష్‌బోర్డు "నీట్‌గా" ఉండాలి. శ్రీకాకుళంలో ఒక కుషన్ షాపు వాళ్లు ఉన్నదాని మీదే రెక్సిన్ అతికించి ఒక్కరోజులో ఇచ్చేస్తాం, 6,500 అన్నారు. వైజాగ్‌లో ఒక షాపు డాష్‌బోర్డు మొత్తం విప్పి కొత్త తోలు వేయడానికి పది రోజులు, 38,000 అడిగింది. అన్నయ్య తన కొత్త కారుకి కూడా అక్కడే తోలు వేయిద్దాం, రెండూ కలిపితే తగ్గిస్తారు అంటున్నాడు. అదీ కాకపోతే కారు అమ్మేద్దాం అంటున్నాడు. అమ్మగారేమో "స్వామివారు ఉన్నారు, దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు" అంటున్నారు. నాన్నగారు అంటించిన అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఇత్తడి విగ్రహం ఆ తోలు మీదే ఉంది. నూనె సంగతి ఆవిడకి తెలియదు. "చెడగొట్టింది నేనే అని తెలిస్తే అమ్మ ముఖం ఎలా చూడాలి? ఏం చేస్తే నాన్న చేయించిన పని పోకుండా ఉంటుంది?" అన్నది ఆయన ప్రశ్న.

మాస్టారూ, ముందు "చెడగొట్టింది నేనే" అన్న ఆ టెన్షన్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది మనసులో ఉన్నంత సేపూ మిగతా లెక్కలేవీ మీకు సరిగా కనబడవు. ఆ తోలుని మీరు చెడగొట్టలేదు. మీరు నూనె రాసేటప్పటికే అది పోయింది. పొడిగా ఉన్న తోలు చాలా వేడిని తట్టుకుంటుంది గానీ, తడిసిన తోలు అందులో సగం వేడికే ముడుచుకుంటుంది, ఒకసారి ముడుచుకున్నాక మళ్లీ సాగదు. లోపలి నార దగ్గరికి వచ్చి గట్టిపడిపోతుంది. మూసిన కారులో ఎండ పడితే మే నెలలో డాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటడం మామూలే. మీ కారుకి జరిగింది అదే అయ్యుంటుంది: వాన నీరు దిగింది, తేమ లోపలే ఉండిపోయింది, ఆ మీద ఎండ పడింది. అందుకే అద్దం పక్క అంచే ఎక్కువ ముడుచుకుంది, ఎందుకంటే నీళ్లూ అక్కడే, ఎండా అక్కడే.

విరిగిన అంచుని ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. లోపల మందంలో నీలి బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ అనే రసాయనంతో పదును చేసిన (అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చిన) తోలు. పైనుంచి కింద దాకా గోధుమ రంగే ఉంటే చెట్టు బెరడుతో పదును చేసినది. మన దక్షిణాది వైపు వెనకటి నుంచీ తంగేడు చెక్కా కరక్కాయా వేసి తోలు పదును చేసేవారు. ఆ తోలు అందం వేరు, కానీ వేడికి క్రోమ్ తోలు కంటే ముందే లొంగిపోతుంది. ఇది తెలుసుకోవడం దేనికంటే, రేపు మీరు కొత్త తోలు వేయించాలనుకుంటే ఏది అడగాలో తెలుస్తుంది. డాష్‌బోర్డుకి క్రోమ్ తోలే, అదీ కార్ల కోసం పై పూత వేసి తయారుచేసినదే అడగండి. మందం 1 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే మూలల దగ్గర చక్కగా తిరుగుతుంది.

అయితే నూనె చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. కొబ్బరి నూనె మన ఊళ్లో ఏడాదిలో చాలా భాగం కరిగే ఉంటుంది, ఎండకి ఇంకా పలచబడి పగుళ్లలోకి, కుట్టు రంధ్రాల్లోకి, వెనక వైపుకీ పాకుతుంది. పాకిన చోట రేపు ఏ జిగురూ పట్టదు, ఏ రంగూ నిలవదు. అంతకంటే నాకు భయం వేసింది ఆ "కుడి" గురించి. బాల్‌పెన్ను సిరా నూనె తగిలితే మెల్లగా అలుక్కుపోతుంది, థిన్నర్ తగిలితే ఒక్క తుడుపుకే పోతుంది. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే చేయాల్సింది ఒకటుంది: ఫోన్ లైటు వేసి ఆ అక్షరాలని నాలుగైదు ఫొటోలు తీయండి. తర్వాత తోలుకీ కింద ఉన్నదానికీ మధ్య పొడి తెల్ల కాగితం ముక్క పెట్టి ఉంచండి, నూనె వచ్చినా కాగితం కొంత పీల్చుకుంటుంది. "ఎడమ" కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, దాని కోసం మాత్రం అంచు లాగి చూడకండి, విరుగుతుంది.

పైన ఉన్న నూనె తీయడానికి షాపు అవసరం లేదు. పాత బనీను గుడ్డతో పొడిగా అద్దండి, రుద్దొద్దు. ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున్న మెత్తటి బ్రష్‌తో దులపండి. ఇలా మూడు నాలుగు రాత్రులు. ఆ తర్వాత చంటిపిల్లల షాంపూ రెండు చుక్కలు నీళ్లలో వేసి నురగ లేపి, ఆ నురగ మాత్రమే గుడ్డకి తీసుకుని తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దేయండి. ఇవన్నీ కారు నీడలో ఉన్నప్పుడే, తడి తగిలిన తోలుకి ఎండ చూపించకూడదు. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ ఏదీ దగ్గరికి రానివ్వకండి. బజార్లో దొరికే మెరుపు పాలిష్‌లు కూడా వద్దు. వాటిలో చాలావాటిలో సిలికోన్ ఉంటుంది, అది పట్టిన చోట తర్వాత జిగురూ రంగూ కూర్చోవు, పైగా ఆ మెరుపు ముందు అద్దంలో కనబడి రోడ్డు కనిపించదు. తెల్లటి బూజు ఎక్కడైనా ఉంటే కారు తలుపులు తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని బ్రష్‌తో బయటికి దులపండి.

ఇప్పుడు అమ్మగారి సంగతి. చెప్పండి, ఏ పని మొదలుపెట్టక ముందే చెప్పండి. "మెత్తబడుతుందని నూనె రాశానమ్మా, జిడ్డయింది" అంటే సరిపోతుంది. ఆవిడ కోప్పడొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. చెప్పకుండా మీరు పని చేయించారనుకోండి, షాపువాడు కారు ముందు నిలబడి "ఎవరండీ దీనికి నూనె పట్టించింది?" అని అడిగే రోజు ఒకటి వస్తుంది, అది పెళ్లివారి మధ్యలో రావొచ్చు. ఆ "కుడి" ఫొటో కూడా ఆవిడకి చూపించండి. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ నాకు అనిపించేది ఏమిటంటే, ఆవిడ "చెయ్యి వెయ్యొద్దు" అంటున్నది స్వామివారి గురించి కొంత, ఆయన పోయాక ఇంట్లో ఆయన వస్తువులు ఒక్కొక్కటే ఆవిడని అడక్కుండా మారిపోతాయేమోనన్న భయం చాలా. ఆవిడని అడిగి చేస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. విగ్రహం ఎలాగూ ఒకసారి తీయాలి, ఏ పనికైనా తప్పదు. అరసవల్లి స్వామికి ఆదివారం విశేషం కదా, ఒక ఆదివారం పొద్దున్న అమ్మగారి చేతే తీయించండి. కింద ఉన్నది రెండు వైపులా అంటుకునే టేపే అయితే, గట్టి దారం ఒకటి విగ్రహం అడుగున పెట్టి రంపంలా మెల్లగా ఇటూ అటూ లాగితే ఊడి వస్తుంది. పైకి పెకలిస్తే మాత్రం తోలు ముక్కతో సహా వచ్చేస్తుంది, జాగ్రత్త.

షాపుల మాటకి వస్తే, శ్రీకాకుళం షాపు చెప్పిన "ఉన్నదాని మీదే అతికించడం" నా దృష్టిలో మీకు ఉన్నవాటిలో అన్నిటికంటే చెడ్డది. రెక్సిన్ అయినందుకు కాదు. రెక్సిన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, కార్ల కోసం చేసిన మంచి రెక్సిన్ మన తీరం గాలికి, తేమకి తోలు కంటే బాగానే నిలుస్తుంది, మురికి తుడిస్తే పోతుంది, బూజు కూడా అంత తొందరగా పట్టదు. తప్పు అతికించే పద్ధతిలో ఉంది. కింద నూనె ఉంది, లేచిన అంచులున్నాయి, విరిగే తోలుంది. పై జిగురు పట్టేది ఆ విరిగే తోలుని, ఆ తోలేమో కింద దేన్నీ గట్టిగా పట్టుకుని లేదు. మొదటి వేసవికే బుడగలొస్తాయి. నా పాత కారుకి ఒకప్పుడు ఇలాగే చేయించుకున్నాను. విజయనగరంలో ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టి వచ్చి చూస్తే గ్లవ్ బాక్స్ పైన పూరీలా పొంగి ఉంది. ఊడదీస్తే కింద ఉన్న అసలు పొర కూడా ముక్కలుగా దానికే అంటుకుని వచ్చింది, ఇంక వెనక్కి వెళ్లే దారి లేకుండా పోయింది. మీ విషయంలో ఆ ముక్కల్లో నాన్నగారి రాత ఉంటుంది. 6,500 అన్నది నిజానికి రేపటి ఖర్చుని నేడు కనపడకుండా మూసేసే ధర.

అదే షాపుని వేరే విధంగా అడిగి చూడొచ్చు: "పాత తోలు నేను జాగ్రత్తగా తీసి ఇస్తాను, మీరు ఖాళీ డాష్‌బోర్డు మీద కొత్త రెక్సిన్ వేయండి, వేడికి వదలని జిగురు వాడండి" అని. ధర పెరుగుతుంది, ఒక్కరోజులో అవదు. కానీ వైజాగ్ లెక్కలో సగం కూడా కాకపోవచ్చు. సోఫాలకి వేసే రెక్సిన్ చూపిస్తే మాత్రం వద్దనండి, అది ఎండకి ఏడాదిలోనే గట్టిపడి చిట్లుతుంది. ఈ దారిలో పోతే కారు వాడకానికి బాగుంటుంది, పాత తోలు ఇంట్లో భద్రంగా ఉంటుంది. పోయేది ఒక్కటే, ఆ తోలు వాసన, ఆ చేతి కుట్టు. అది మీకెంత ముఖ్యమో మీకే తెలియాలి.

వైజాగ్ షాపు దారి మంచిదే, అడగాల్సినవి అడిగితే. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: "కొలత ఎక్కడ నుంచి తీసుకుంటారు?" చాలామంది పాత కవరు విప్పి, దాన్ని కొత్త తోలు మీద పరిచి, చుట్టూ గీసి కోసేస్తారు. మీ పాత తోలు రెండు వేళ్లు ముడుచుకుని ఉంది! దాని ప్రకారం కోస్తే కొత్తది కూడా రెండు వేళ్లు తక్కువే అవుతుంది, దాన్ని లాగి లాగి అతికిస్తారు, లాగిన తోలు ఎండకి మళ్లీ వెనక్కి వస్తుంది. కొలత ఖాళీ డాష్‌బోర్డు మీదే తీయాలి, కాగితం టేపు పరిచి దాని మీద కుట్టు గీతలు గీసుకుని. పాతదాన్ని కుట్టు ఎక్కడెక్కడ తిరిగిందో చూడటానికి పక్కన పెట్టుకోవచ్చు, అంతే. రెండోది, దారం ఏది వాడతారు అని అడగండి, నైలాన్ గానీ పాలిస్టర్ గానీ అయ్యుండాలి, నూలు దారం తేమకి కుళ్లిపోతుంది. మూడోది, తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు కదా, పైభాగానికి వీపు వైపు ముక్క వాడమనండి. పొట్ట వైపు తోలు వదులుగా ఉంటుంది, సాగుతుంది. నాలుగోది, డాష్‌బోర్డు విప్పేటప్పుడు ప్రతి వైరుకీ టేపు చుట్టి పేరు రాయమనండి, మీరూ పక్కన ఉండి ఫొటోలు తీసుకోండి. పాత అంబాసిడర్ వైరింగ్ కదిపితే ఒక్కోసారి వెలిగే లైటు ఆరిపోతుంది, దానికి ఆటో ఎలక్ట్రీషియన్ ఖర్చు వేరే. అది 38,000లో ఉందో లేదో ముందే తేల్చుకోండి. పాత తోలు ముక్కలన్నీ తిరిగి ఇవ్వాలని మాట తీసుకోండి, లేకపోతే అవి సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోతాయి. వాళ్లకి అది చెత్తే, వాళ్ల తప్పు కూడా కాదు.

ఏ దారి పట్టినా ఆ తోలు కింద ఏముందో చూడకుండా డబ్బు ఇవ్వకండి. కింద రేకు ఉంటే తుప్పు తప్పకుండా ఉంటుంది, మీరున్నది ఉప్పుగాలి తగిలే చోటు. తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, ఆరాకే పైన ఏదైనా. ఆ తుప్పుకి మూలం బహుశా ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్. పాత అంబాసిడర్లలో నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడినుంచే. అది మార్చకుండా పైన బంగారు రేకు తొడిగినా మళ్లీ వర్షాకాలానికి ఇదే కథ.

అతుకు వేసి బాగుచేయించడం గురించి కూడా అడిగారు. ముడుచుకున్న చోట రెండు వేళ్ల వెడల్పు కొత్త తోలు పట్టీ వేసి, పగుళ్లు నింపి, మొత్తం మీద రంగు కొట్టడం. చేయొచ్చు. కానీ ఎండిపోయిన తోలుకి కొత్తగా సూది దింపితే, తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లాగా ఆ కుట్టు వెంబడే చిరిగిపోతుంది. కాబట్టి కుట్టు లేకుండా వెనక పలచటి నూలు గుడ్డ అతికించి, దాని మీద రెండు అంచులూ కలపాలి. నూనె పట్టిన తోలుకి ఆ గుడ్డ అతుక్కుంటుందా అన్నది శుభ్రం చేశాక ఒక మూల ప్రయత్నిస్తే గానీ చెప్పలేం. అతుక్కున్నా రంగు తేడా కనబడుతుంది, ఎండలో నడిపే కారైతే మళ్లీ పక్కనే చిట్లుతుంది. కారు షెడ్డులోనే ఉండి పండక్కీ పబ్బానికీ బయటికి వస్తుందంటే మాత్రం ఇది ఆలోచించదగ్గదే, ఎందుకంటే ఆ పెద్దాయన కుట్టు ఉన్న చోటే ఉంటుంది. నేను మీ స్థానంలో ఉంటే గ్లవ్ బాక్స్ పైన, ఎండ పడని చోట, తోలు ఇంకా మెత్తగా ఉందేమో ముందు చూసేవాణ్ని. ఉంటే ఆ ముక్కని దాని కుట్టుతో సహా కోయించి, కొత్త కవరులో అదే స్థానంలో కూర్చోబెట్టమని అడిగేవాణ్ని. బాగా తెలిసిన పనివాడైతే చేస్తాడు. రంగు తేడా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇంకో దారి ఉంది, మీ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ, ఆ కారు పుట్టింది కలకత్తా పక్క ఉత్తర్‌పారాలో, టాక్సీలుగా ఎక్కువగా తిరిగింది కలకత్తాలోనే, అందుకే అక్కడి మల్లిక్ బజార్‌లో పాత విడిభాగాలు ఇంకా వెతుక్కోవచ్చు. మీది మార్క్ ఫోర్ (అంబాసిడర్‌లో నాలుగో మోడల్) కాలం బండి, ఫొటోలు పంపి అదే మోడల్ డాష్‌బోర్డు పాతది ఒకటి దొరుకుతుందేమో అడిగించండి. హౌరా లైను మీ పలాస మీదుగానే పోతుంది, తెప్పించుకోవడం పెద్ద పని కాదు. దొరికితే దాని మీద మీ ఇష్టం వచ్చినట్టు తోలో రెక్సినో వేయించి బిగించుకోవచ్చు, నాన్నగారిది విప్పింది విప్పినట్టే, తోలు ఊడదీయకుండానే, ఇంట్లో ఉంచుకోవచ్చు. దీనికి ఓపిక కావాలి, మాఘానికి అందుతుందని నేను చెప్పలేను.

అసలు మాఘానికి ఎందుకు అందాలి? ఇది మీ అన్నయ్యతో ఒకసారి నెమ్మదిగా మాట్లాడాల్సిన మాట. పెళ్లికొడుకు కూర్చునేది వెనక సీటులో, ఆ రోజు ఎవరూ డాష్‌బోర్డు చూడరు, చూసినా పూలదండలు చూస్తారు. శుభ్రంగా ముదురు రంగు మందపాటి గుడ్డ, అద్దకపు ఖాదీ అయినా సరే, డాష్‌బోర్డు కొలతకి కుట్టించి పైన పరిస్తే ఆ రోజుకి చాలు. తెల్లది మాత్రం వద్దు, అది ముందు అద్దంలో ప్రతిబింబించి డ్రైవరుకి కళ్లు చెదురుతాయి. గాలి బయటికొచ్చే కంతలు మూయకండి, గుడ్డ జారి స్టీరింగు మీదకి రాకుండా అంచులు లోపలికి దోపండి. ఖర్చు వెయ్యి దాటదు, మర్నాడు తీసేస్తే కారు యథాతథం. విప్పడం, కోయడం, అతికించడం లాంటి వెనక్కి తీసుకోలేని పనులు పెళ్లి హడావిడిలో తొందరపడి చేస్తే, చేసింది ఎవరో తర్వాత వెతుక్కునే పరిస్థితి వస్తుంది, అది అన్నదమ్ముల మధ్య మంచిది కాదు. పెళ్లికి ముందు బ్రేకులూ టైర్లూ చూపించడం, కాగితాలు సరిచూసుకోవడం అంతకంటే అవసరం. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి, నాన్నగారు పోయారు కాబట్టి కారు ఎవరి పేరున ఉందో కూడా చూడండి. అమ్మేయడం గురించి నేను ఏమీ అనను, అది ముగ్గురి మాట. కానీ ఆ కాగితాలు అమ్మగారి పేరుకి మారితే కారు ఉంచాలో అమ్మాలో చెప్పే హక్కు ఆవిడ చేతికి వస్తుంది, మీ ఇద్దరికీ అది మేలేనని నాకనిపిస్తుంది.

మీ అన్నయ్య కొత్త కారు విషయంలో మాత్రం ఆలోచించి చూడండి అని చెప్పను, వద్దు అనే చెప్తాను. కొత్త కార్లలో ముందు సీటు ప్రయాణికుడి ఎదురుగా డాష్‌బోర్డు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, మన దేశంలో కొత్త మోడళ్లకి 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. గుద్దుకున్నప్పుడు రెప్పపాటు కంటే తక్కువలో అది డాష్‌బోర్డు పై పొరని చీల్చుకుని బయటికి రావాలి. ఆ పొర ఎక్కడ చిరగాలో కంపెనీలో లెక్కగట్టి పలచగా చేస్తారు. దాని మీద గట్టి తోలు బిగిస్తే బ్యాగ్ ఆలస్యంగా రావొచ్చు, పక్కకి రావొచ్చు, లేదా మూతని ముక్కగా మీదకి విసరొచ్చు. ఆ సీట్లో కూర్చునేది మీ వదినగారు. డిస్కౌంటు కోసం ఆ పని చేయొద్దని ఆయనకి గట్టిగా చెప్పండి. మీ అంబాసిడర్‌కి ఎయిర్‌బ్యాగ్ లేదు కాబట్టి దానికి ఈ భయం లేదు.

మీరు ఏదో ఒక దారి చెప్పమన్నారు. నా మొగ్గు చెప్తాను, నిర్ణయం మీది: ఇప్పుడు నూనె తీసి, గుడ్డ పరిచి పెళ్లి కానిచ్చి, ఆ తర్వాత ఫిబ్రవరి పొడి రోజుల్లో బీడింగ్ మార్పించి, పాత తోలు మీ చేతులతో తీసి, కొత్త తోలో మంచి రెక్సినో అమ్మగారు రంగు ఎంచాక వేయించండి. వర్షాల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, జిగురు ఆరదు, తేమ లోపలే ఉండిపోతుంది. తీసిన తోలుని మడవకండి. మడత పడిన చోట విరుగుతుంది. పాత నూలు చీరలో పరిచి, పెద్ద పీవీసీ పైపు ముక్క మీద వదులుగా చుట్టి, నీడ పట్టున పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. పని అయ్యాక కారుకి గాలి ఆడే నూలు కవరు వేసి, బయట ఆపినప్పుడు అద్దానికి లోపలి వైపు ఎండ అట్ట పెట్టండి.

ఒక చిన్న పని ఈ ఆదివారమే చేసి చూడండి. స్వామివారిని తీశాక, మీరు లోపల డ్రైవరు సీట్లో కూర్చుని, మీ ఆవిడనో పిల్లల్నో బయట నుంచి ముందు అద్దం పై అంచు మీద చెంబుతో మెల్లగా నీళ్లు పోయమనండి. ఏ మూల నుంచి లోపలికి చుక్క దిగుతుందో చూసి అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. కుడి పక్కనో ఎడమ పక్కనో నాకు రాయండి, బీడింగ్ గురించి మిగతాది అప్పుడు చెప్తాను.